పొట్లం కట్టాక అడిగిన కొసరు

2006 ఆగస్టు మొదటి వారంలో, చర్ల ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న మార్తమ్మ ఖమ్మంలోని నా ఆఫీసుకు వచ్చి వకాలత్తు మీద సంతకం పెట్టింది. అప్పటికి నా ప్రాక్టీసుకు ఇరవై రెండేళ్ళు. కిరాయి తగాదాలు, హద్దుల గొడవలు, వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదులు, ఇవే నా సరుకు. రాజీలు కుదర్చడంలో నన్ను మించినవాడు జిల్లా బార్‌లో లేడని ఒక అభిప్రాయం ఉండేది. ఆ అభిప్రాయం ఎక్కువగా నాదే.

దానికి కారణం ఉంది. మా నాన్నది కమాన్ బజారులో కిరాణా దుకాణం. మా బాబాయిలు, మేనమామలు అందరూ గల్లా పెట్టె ముందు కూర్చున్నవాళ్ళే. నేను అక్షరాల కంటే ముందు తూకం నేర్చాను, తూకం కంటే ముందు బేరం నేర్చాను. పెళ్ళిలో పురోహితుడి దక్షిణ తగ్గించి, తగ్గించాక ఒక సత్యనారాయణ వ్రతం కొసరుగా అడిగిన మనిషిని నేను. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీతో పాటు అందిస్తుంటుంది.

కొసరు విషయంలో నాన్నకు ఒక పద్ధతి ఉండేది. పొట్లానికి దారం చుట్టకముందు ఎవరు అడిగినా గుప్పెడు పుట్నాలో, బెల్లం ముక్కో వేసేవాడు. ముడి పడ్డాక కలెక్టరు వచ్చి అడిగినా వేసేవాడు కాదు. "ముడి పడ్డదంటే బేరం అయిపోయినట్టే. ఇంక అడిగితే అది వేరే బేరం" అనేవాడు. చిన్నప్పుడు రోజూ విన్న మాట. వయసొచ్చాక అవసరమైన రోజున గుర్తురాలేదు.

మార్తమ్మ కథ ఇది. వేసవిలో ఆమె, భర్త దానియేలు బట్టలు కొనడానికి ఖమ్మం వచ్చారు. దానియేలు ఆశ్రమ పాఠశాలలో టీచరు. బట్టల దుకాణంలో లక్కీ డ్రా కూపన్ నింపారు. వారం తిరక్కుండానే ఫోను: మీకు బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి ఫలానా హోటలుకు వచ్చి తీసుకోండి. వెళితే ఏసీ హాలు, గుండ్రటి బల్లలు, కూల్‌డ్రింకులు. మూడు గంటల పాటు సముద్రం బొమ్మలు, కొండల బొమ్మలు చూపించి, చివరికి ఇరవై ఐదేళ్ళ హాలిడే మెంబర్‌షిప్ అంటగట్టారు. దీన్నే టైమ్‌షేర్ అంటారు. ఎక్కడో ఉన్న రిసార్టులో ఏడాదికి ఒక వారం మనది. వెళ్ళినా వెళ్ళకపోయినా ఏడాదికోసారి నిర్వహణ ఖర్చు మాత్రం కట్టాలి.

"మీరు కావాలనే తీసుకున్నరా?" అని అడిగాను.

దానియేలు తల వంచుకున్నాడు. "పక్క బల్ల మీదాయన సంతకం పెట్టంగనే అందరు లేచి చప్పట్లు కొట్టిండ్రు సార్. మైకులో ఆయన పేరు సదివిండ్రు. గంతసేపు కూల్‌డ్రింకులు తాగి మనం ఉత్తగ లేచిపోతె ఏం బాగుంటది అనిపించింది."

"ఈయన మర్యాదకు పొయ్యి నాతోని సంతకం పెట్టించిండు" అంది మార్తమ్మ. "నాకు ఏడాదికి వారం సెలవు ఎవరిస్తరు సార్? కాంట్రాక్టు దాన్ని. ప్రసవానికి పిలుపొస్తే ఆదివారం చర్చి మధ్యలో లేచి పోయేదాన్ని. ఆ వారం రిసార్టును నేనేం చేసుకోను?"

నా వృత్తి జీవితంలో టైమ్‌షేర్‌కు వ్యతిరేకంగా ఇంతకంటే మంచి వాదన నేను వినలేదు, చేయలేదు.

ఒప్పందం వెనక పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, వద్దనుకుంటే పది రోజుల్లో రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చని ఉంది. అది మొదటి దారి. మార్తమ్మ ఏడో రోజునే ఉత్తరం రాసింది. కానీ ఆ వారం బంద్ పిలుపు ఉండి బస్సులు భద్రాచలం దాటలేదు. చర్ల పోస్టు సంచీ కదలలేదు. ఉత్తరం హైదరాబాదు చేరేసరికి పదమూడో రోజు. ఒప్పందంలో "పంపాలి" అని కాదు, "చేరాలి" అని ఉంది. కంపెనీ వాళ్ళకు చదవడం బాగా వచ్చు.

రెండో దారి, మెంబర్‌షిప్‌ను ఇంకొకరికి అమ్ముకోవడం. కొనేవాడు ఉంటే కదా! ఇలాంటివి అమ్మిపెడతామని ముందే రుసుము గుంజే బ్రోకర్లు హైదరాబాదులో ఉండేవారు. మునిగినవాణ్ణి మరోసారి ముంచే పని అది. మూడో దారి, కట్టడం మానేయడం. కానీ కంపెనీ చేతిలో ఆమె ముందు తేదీలు వేసి ఇచ్చిన చెక్కులు ఉన్నాయి. చెక్కు తిరిగొస్తే నోటీసు ఇస్తారు. నోటీసు అందిన పదిహేను రోజుల్లో కట్టకపోతే మెజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు.

ఆ మాట వినగానే మార్తమ్మ కుర్చీ అంచుకు వచ్చింది. "అది మాత్రం వద్దు సార్. మమ్మల్ని పర్మినెంటు చేస్తరని లిస్టు తయారైతంది. ఎవరి మీదన్న క్రిమినల్ కేసుంటె పేరు తీసేస్తరంట. నేను తొమ్మిదేండ్ల సంది చేస్తున్న."

ఇక మిగిలింది నాలుగో దారి, ఫోరంలో ఫిర్యాదు. వ్యవహారం జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. వివాదాలన్నీ హైదరాబాదు కోర్టుల్లోనే తేల్చుకోవాలని ఒప్పందంలో రాసుకున్నా, సంతకం ఖమ్మంలో జరిగింది కాబట్టి ఖమ్మంలోనే వేయవచ్చు. కానీ ఫోరం కంటే ముందు లీగల్ నోటీసు ఇచ్చి రాజీకి పిలవడం నా పద్ధతి. కేసు గెలిస్తే పేరు జడ్జీకి పోతుంది. రాజీ కుదిరితే నాకు దక్కుతుంది.

నోటీసు పనిచేసింది. సెప్టెంబరులో ఒక ఆదివారం కంపెనీ ఏరియా మేనేజరు అదే హోటల్లో మమ్మల్ని కలిశాడు. ముప్పై ఏళ్ళు దాటని కుర్రవాడు, టై, చిరునవ్వు. మూడేళ్ళు గడిస్తే తప్ప రద్దు కుదరదని అతను మొదలుపెట్టాడు. కట్టింది మొత్తం వాపసు, దాని మీద నష్టపరిహారం అని నేను మొదలుపెట్టాను. రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళాను. మూడోసారి లేచినప్పుడు అతనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. చివరికి తేలింది: మెంబర్‌షిప్ రద్దు, మొదట కట్టినదాంట్లో సగం వాపసు, మిగిలిన చెక్కులు నెలలోపు హెడ్డాఫీసు నుంచి పోస్టులో తిరిగి వస్తాయి. రద్దు పత్రం మీద రెండు పక్షాలూ సంతకాలు చేశాయి.

అక్కడితో లేచి ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

మార్తమ్మ సంచీ సర్దుకుంటోంది. నా నోరు మాత్రం ఊరుకోలేదు. "అన్నట్టు, ఆ లక్కీ డ్రా బహుమతి ఏమాయె? రెండు రాత్రులు రిసార్టులో ఉచితమన్నరంట గదా" అన్నాను.

"అది మెంబర్లకే సార్" అన్నాడు మేనేజరు.

"పది నిమిషాల కిందటి దాకా సిస్టర్ మెంబరే గదా!"

అతను ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత నవ్వి, బ్యాగు తెరిచి, మెరుపు కాగితం మీద అచ్చేసిన వోచరు, దానితో పాటు ఒక ఫారం బల్ల మీద పెట్టాడు. "మీలాంటి పెద్దలు అడిగాక కాదంటానా సార్. మేడం ఇక్కడ ఒక్క సంతకం చేస్తే చాలు."

మార్తమ్మ పెన్ను పట్టుకోలేదు. "మనకెందుకు సార్ ఇది? పొయ్యేదే లేదు. ఈ హాల్ల మళ్ళ సంతకమంటె భయమైతంది."

"ఊకె ఇస్తుంటె వద్దంటరా సిస్టర్? పెట్టండి, పెట్టండి" అన్నాను.

పెట్టింది. నేను ఆ ఫారం చదవలేదు. రద్దు పత్రాన్ని మూడుసార్లు చదివాను, కామాతో సహా సరిచేశాను. కానీ ఉచితంగా వచ్చినదాన్ని చదివే అలవాటు మా వంశంలో లేదు. ఆ సాయంత్రం బార్ అసోసియేషన్ గదిలో, కంపెనీవాడి నుంచి కొసరు కూడా రాబట్టిన వైనాన్ని ముగ్గురికి వేరువేరుగా చెప్పాను.

చెక్కులు తిరిగి రాలేదు, ఒప్పుకున్న సగం వాపసూ రాలేదు. నవంబరులో మార్తమ్మ మొదటి బస్సుకు చర్లలో ఎక్కి, మధ్యాహ్నానికి నా ఆఫీసులో దిగింది. చేతిలో రిజిస్టర్డ్ కవరు. చెక్కులు వాపసు వస్తున్నాయన్న ధైర్యంతో ఆమె ఖాతాలో ఏమీ ఉంచలేదు. కంపెనీ ఒక చెక్కును బ్యాంకులో వేసింది. అది తిరిగొచ్చింది. ఇది దాని నోటీసు.

"మెంబర్‌షిప్ పోయిందన్నరు గదా సార్. మరి ఇదేంది?"

నోటీసుకు వోచరు ఫారం నకలు జతచేశారు. ఏడో షరతు కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశారు, నాలాంటివాడికి కనబడదేమోనని. ఈ వోచరు స్వీకరించిన సభ్యురాలు తన సభ్యత్వం కొనసాగుతున్నట్టు ధ్రువీకరిస్తున్నదనీ, అంతకుముందు ఇచ్చిన రద్దు అభ్యర్థనలన్నీ ఉపసంహరించుకున్నట్టేననీ దాని సారాంశం. రద్దు పత్రం మీద సంతకం ముందు, ఇది తర్వాత. చట్టంలో తర్వాతి సంతకానికి బలం ఎక్కువ.

నిలబడి చదివాను. కూర్చుని మళ్ళీ చదివాను. తప్పు చేసిన డాక్టరు ముఖం చూడకుండా ట్రేలో దూది, కత్తెర సర్దే నర్సుల్లా, మార్తమ్మ నా బల్ల మీద చెదిరిన కాగితాలను ఒక పక్కకు సర్దింది. ఆమె తిట్టి ఉంటే ఎంతో కొంత బేరమాడేవాణ్ణి.

"తప్పు నాది సిస్టర్" అన్నాను.

"అది తర్వాత చూద్దాం సార్. లిస్టు డిసెంబరు ఆఖరుకు పోతది. నా మీద కేసు పడకుండ ఏం చెయ్యాల్నో అది చెప్పండి."

ముందు చేయవలసింది ఒకటే. పదిహేను రోజులు దాటకుండా ఆ ఒక్క చెక్కు మొత్తాన్ని, మా హక్కులకు భంగం లేకుండా అభ్యంతరంతో కడుతున్నామని రాసి, డ్రాఫ్టు పంపడం. డబ్బు కడితే క్రిమినల్ కేసుకు ఆధారం ఉండదు. నేను తీసుకున్న ఫీజు ఆమెకు తిరిగి ఇచ్చాను. డ్రాఫ్టుకు సరిపోగా మిగిలింది తిరుగు ప్రయాణం ఖర్చులకు వచ్చింది. నా జీవితంలో బేరమాడకుండా ఇచ్చిన మొత్తాల్లో అది పెద్దది.

తర్వాతది ఫోరంలో ఫిర్యాదు, మిగతా చెక్కులు బ్యాంకులో వేయకుండా మధ్యంతర ఉత్తర్వు కోసం దరఖాస్తు. ఇక్కడ ఇంకో చిక్కు. ఆ వోచరు ఎలా వచ్చిందో చెప్పగల సాక్షిని నేనే. వకీలు తాను సాక్షిగా నిలబడవలసిన కేసును తాను వాదించరాదు. వేరే వకీలును పెట్టిస్తానన్నాను.

"ఫోరంల వకీలు లేకున్న నడుస్తదని మొదటిరోజు మీరే చెప్పిండ్రు గదా" అంది.

"నడుస్తది. ఎవరి కేసు వాళ్ళు చెప్పుకోవచ్చు."

"అయితే నేనే చెప్పుకుంట. వకీలును పెట్టుకుంటె ఏమైతదో చూసిన గదా."

ఫిర్యాదు ఎలా రాయాలో మాత్రం అడిగింది. రాసిచ్చిందాన్ని అక్కడే కూర్చుని, వెనక వైపుతో సహా మొత్తం చదివి, అప్పుడు సంతకం పెట్టింది.

డిసెంబరు రెండో వారంలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. తన మీద ఏ కేసూ లేదని ఆమె తన ధ్రువీకరణ ఇచ్చుకోగలిగింది. కానీ మిగతా చెక్కులు కంపెనీ బీరువాలోనే ఉన్నాయి. ఫిర్యాదు వీగిపోతే ఆ ఉత్తర్వూ పోతుంది, చెక్కులు ఒక్కొక్కటిగా బ్యాంకుకు నడుస్తాయి, పేరు లిస్టులో ఉన్నా నియామకపు కాగితం చేతికొచ్చేదాకా భయం తప్పదు. అంతా నా సాక్ష్యం మీద నిలబడింది.

మామూలుగా ఫోరంలో సాక్ష్యం అఫిడవిట్లతోనే నడుస్తుంది. కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి వచ్చిన వకీలు నన్ను నోటితోనే ప్రశ్నిస్తానని పట్టుబట్టాడు. ఆ రోజు హాలు నిండింది. నా చేతిలో ఏదో ఒక రాజీలో నలిగిన వకీళ్ళందరూ పనులు మానుకుని వచ్చారు.

ముందు మార్తమ్మ అడిగింది. చర్చికి వేసుకునే తెల్ల చీర, చేతిలో నోట్‌బుక్కు.

"సార్, నాకా వోచరు కావాలని నేను అడిగిన్నా?"

"లేదు."

"వద్దన్ననా లేదా?"

"వద్దన్నారు. పెన్ను కూడా పట్టుకోలేదు."

"మరి ఎందుకు పెట్టించిండ్రు?"

ఇరవై రెండేళ్ళలో నేను సాక్షులను ఎన్నో ప్రశ్నలు అడిగాను. ఇంత పొట్టి ప్రశ్నకు ఇంత కష్టమైన జవాబు ఉంటుందని తెలియదు. "అలవాటు" అన్నాను. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. దగ్గు కాదని నాకు తెలుసు.

కంపెనీ వకీలు లేచాడు. "ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న న్యాయవాది మీరు. క్లయింటు చేత ఫారం చదవకుండా సంతకం పెట్టించారా?"

"పెట్టించాను."

"నమ్మమంటారా?"

"నమ్మకపోతే మీ ఇష్టం. ఉచితంగా వస్తే ప్రామిసరీ నోటు మీదైనా పెట్టించేవాణ్ణేమో."

ఫోరంలో అధ్యక్షుడితో పాటు ఇద్దరు సభ్యులుంటారు. వాళ్ళలో ఒకరు మహిళ అయి ఉండాలి. ఆ మహిళా సభ్యురాలు నా వైపు వంగింది. "రద్దు పత్రం మీద సంతకాలు కాకముందు అడిగారా, అయ్యాక అడిగారా?"

అసలు ప్రశ్న అది. ముందే అడిగానంటే వోచరు కూడా రాజీలో భాగమవుతుంది, రద్దు నిలుస్తుంది. అయ్యాక అడిగానంటే అది వేరే బేరమని కంపెనీ వాదిస్తుంది. మా నాన్న దుకాణం చట్టమూ అదే. "ముందే" అనడానికి నోరు తెరిచాను కూడా. మార్తమ్మ నోట్‌బుక్కు మూసి నన్నే చూస్తోంది. ఆ హోటల్లో నా మాట నమ్మి పెన్ను పట్టుకున్నప్పుడూ అలాగే చూసింది.

"అయ్యాకే అడిగాను" అన్నాను.

కంపెనీ వకీలు తృప్తిగా కూర్చోబోయాడు. సభ్యురాలు అతన్ని ఆపింది. "వకీలు గారూ, నేను వంకాయలు కొని, డబ్బిచ్చి, సంచీలో వేసుకున్నాక ఒక కరివేపాకు రెబ్బ వెయ్యమంటాను. కూరగాయలామె వేస్తుంది. మర్నాడు మా ఇంటికొచ్చి, నువ్వు కరివేపాకు తీసుకున్నావు గనక ఏడాదంతా నా దగ్గరే వంకాయలు కొంటానన్నట్టే, అంటే మీ చట్టం ఒప్పుకుంటుందా?"

"అక్కడ రాతపూర్వకమైన షరతు లేదు మేడం."

"కరివేపాకు మీద అచ్చేసి ఇస్తే ఒప్పుకుంటుందా?"

అతను ఫైలు తిరగేశాడు. అందులో కరివేపాకు గురించి ఏమీ ఉన్నట్టు లేదు.

2007 మధ్యలో తీర్పు వచ్చింది. పది నిమిషాల ముందు రద్దు పత్రం మీద సంతకం చేసిన మేనేజరు, ఏడో షరతు సంగతి నోటితో చెప్పకుండా బహుమతి పేరుతో సంతకం తీసుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి. రద్దు చెల్లుతుంది. ఒప్పుకున్న సగం సొమ్ము, చెక్కులన్నీ వాపసు ఇవ్వాలి, అభ్యంతరంతో కట్టించుకున్నదీ ఇవ్వాలి, ఖర్చులు భరించాలి. వోచరు కంపెనీకి తిరిగి ఇచ్చేయాలి. ఆరో పేజీలో నా గురించి ఒక వాక్యం ఉంది: ఫిర్యాదుదారు పూర్వ న్యాయవాది ప్రవర్తన అజాగ్రత్తతో కూడినదే అయినా, బజారులో సాధారణంగా కనిపించేదే. ఆ వాక్యాన్ని ఖమ్మం బార్‌లో చాలామంది కంఠస్థం చేశారు. నాకు తెలిసి నా పేరుతో ముడిపడి ఎవరైనా ఉటంకించిన ఏకైక తీర్పు అదే.

చెక్కులు చేతికొచ్చిన రోజు మార్తమ్మ ఆఫీసుకు వచ్చింది. ఒక్కొక్కటీ లెక్కపెట్టి, చింపి, ముక్కలు సంచీలో వేసుకుంది. ముక్కలను కూడా నా దగ్గర వదలలేదు. పర్మినెంటు ఉత్తర్వు నెల కిందటే అందిందట. వెళ్తూ వెళ్తూ, "మీ నాయన దుకాణం ఏడ సార్?" అంది. చూపించడానికి తీసుకెళ్ళాను.

నాన్న త్రాసు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె కిలో బెల్లం అడిగింది. ఆయన తూచి, కాగితంలో పెట్టి, దారం అందుకున్నాడు.

"పెద్దయ్యా, ఆగండి. కట్టకముందే కొసరు వెయ్యండి" అంది మార్తమ్మ.

నాన్న దారం వదిలి ఆమెను తేరిపార చూశాడు. పెద్ద ముక్క ఒకటి తీసి పొట్లంలో వేసి, అప్పుడు ముడి వేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "బార్ అంత చెప్పుకుంటున్నరు, ముడి పడ్డంక అడిగినవంట. ఈ దుకాణంలనే పెరిగినవా నువ్వు?"

రిటైరయ్యే వరకు ఆ తర్వాత నేను చేసిన ప్రతి రాజీలోనూ మూడు నియమాలు పాటించాను. వాపసు రావలసిన చెక్కులు చేతిలో పడేదాకా క్లయింటు సంతకం పడలేదు. ఉచితంగా ఇచ్చిన కాగితాన్ని, కొన్న కాగితం కంటే రెండుసార్లు ఎక్కువ చదివాను. అడగవలసిన కొసరేదో సంతకాలకు ముందే అడిగి, సంతకాలు కాగానే లేచి వచ్చేశాను. మొదటి రెండూ చట్టం నేర్పినవి. మూడోది నాకు చిన్నప్పుడే తెలుసు. తెలిసినదాన్ని మళ్ళీ నేర్చుకోవడానికి ఒక నర్సు ఉద్యోగాన్ని పందెంగా పెట్టాను.